పాత తెలుగు పేజీలలో లాంగ్ యాట్రిబ్యూట్‌ను ప్రోగ్రాంతో మార్చడం ఎలా?

ప్రశ్న

చిక్కడపల్లిలోని ఒక సాహిత్య సంస్థ తన పాత పత్రికల వ్యాసాలను విడివిడి హెచ్‌టీఎంఎల్ ఫైళ్లుగా భద్రపరిచింది. వాటి నిర్వహణ ఇప్పుడు నా బాధ్యత. వ్యాసాలన్నీ తెలుగులోనే ఉన్నా, పేజీలను తయారుచేసిన సాఫ్ట్‌వేర్ ప్రతి ఫైలులోనూ హెచ్‌టీఎంఎల్ ట్యాగుకు, పేజీ భాషను తెలిపే లాంగ్ యాట్రిబ్యూట్ విలువను ‘ఈఎన్’ అని, అంటే ఇంగ్లిష్ అని పెట్టింది. అందువల్ల చూపులేని పాఠకులు, తెరపై రాతను చదివి వినిపించే స్క్రీన్ రీడర్‌తో తెరిచినప్పుడు అది తెలుగును ఇంగ్లిష్ గొంతుతో చదవబోయి తడబడుతోంది. ఫైళ్లు వేలల్లో ఉన్నాయి. ఎడిటర్‌లో ‘ఫైండ్ అండ్ రీప్లేస్’ చేస్తే సరిపోతుందా, పైథాన్‌లో ఇంతకంటే నమ్మకమైన పద్ధతి ఉందా, దయచేసి తెలుపగలరు.

సమాధానం 1

రీప్లేస్ జోలికి వెళ్లకండి. లింకు వెళ్లే పేజీ భాషను తెలిపే హెచ్‌రెఫ్‌లాంగ్ అనే మరో యాట్రిబ్యూట్ చివర కూడా లాంగ్ అనే అక్షరాలే ఉంటాయి కనుక, ఇంగ్లిష్ పేజీలకు వెళ్లే లింకులలో దాని విలువ కూడా మారిపోయే ప్రమాదం ఉంది. పైగా విలువకు జంట కోట్లు, ఒంటి కోట్లు ఉన్నా, అసలు కోట్లే లేకపోయినా హెచ్‌టీఎంఎల్‌లో చెల్లుతుంది.

హెచ్‌టీఎంఎల్‌ను చదివే పైథాన్ లైబ్రరీ బ్యూటిఫుల్ సూప్‌తో ఫైలును చదివిస్తే ప్రతి ట్యాగునూ పైథాన్ డిక్షనరీలాగే వాడుకోవచ్చు. ‘సూప్ డాట్ హెచ్‌టీఎంఎల్’ పక్కన చదరపు బ్రాకెట్లలో, కోట్ల మధ్య లాంగ్ అని రాసి, దానికి ‘టీఈ’ (తెలుగు) విలువ ఇవ్వండి. ఆ యాట్రిబ్యూట్ ముందే ఉంటే విలువ మారుతుంది, లేకపోతే కొత్తగా చేరుతుంది.

సమాధానం 2

పై పద్ధతి సరైనదే. అయితే ఫైలును ఇలా చదివే ప్రోగ్రాం, అంటే పార్సర్, మార్చిన ట్యాగును మాత్రమే కాక ఫైలు మొత్తాన్నీ తిరిగి రాస్తుందన్నది గుర్తుంచుకోవాలి. ‘సాఫ్ట్‌వేర్’ వంటి మాటల మధ్య జీరో విడ్త్ నాన్ జాయినర్‌ను (పక్కపక్క అక్షరాలు కలిసిపోకుండా ఆపే, కంటికి కనిపించని అక్షరం) యాంపర్‌సాండ్‌తో మొదలయ్యే సంకేతంగా రాసి ఉంటే, అది నేరుగా ఆ అక్షరంగానే మారుతుంది. తెరపై తేడా తెలియదు గానీ, ఫైళ్లలో మార్పులను నమోదు చేసే గిట్‌లో చూస్తే సంబంధం లేని వరుసలెన్నో మారినట్లు కనిపించి అసలు మార్పు వాటిలో కలిసిపోతుంది. కనుక ముందు ఏ మార్పూ చేయకుండా ఫైళ్లన్నిటినీ ఒకసారి చదివించి, యూటీఎఫ్-8లో తిరిగి రాయించి కమిట్ చేయండి, అంటే గిట్‌లో ఒక మార్పుగా నమోదు చేయండి. లాంగ్ మార్పును ఆ తర్వాత వేరే కమిట్‌గా చేస్తే సమీక్షించడం తేలిక.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. కొన్ని వ్యాసాలలో ఇంగ్లిష్ పేరాలు, ఉర్దూ లిపిలో షేర్లు (రెండు పాదాల కవితలు) కూడా ఉన్నాయి. వాటి సంగతి ఏమిటి?

సమాధానం 2

వాటిని తప్పక విడిగా గుర్తించాలి. పేజీ భాషను 3.1.1లోనూ, పేజీలోని భాగాల భాషను 3.1.2లోనూ వెబ్ పేజీలు అందరికీ అందుబాటులో ఉండేందుకు రూపొందించిన డబ్ల్యూసీఏజీ మార్గదర్శకాలు వేర్వేరుగా కోరుతాయి. యూనికోడ్‌లో తెలుగు 0సీ00 నుంచి 0సీ7ఎఫ్ వరకు ఉంటుంది. ఉర్దూకు వాడే అరబిక్ అక్షరాలు ప్రధానంగా 0600 నుంచి 06ఎఫ్‌ఎఫ్ వరకు ఉంటాయి. పేరాలోని అక్షరాలన్నీ ఉర్దూవైతే ఆ పేరా ట్యాగుకు లాంగ్ విలువ ‘యూఆర్’తో పాటు, కుడి నుంచి ఎడమకు నడిచేలా డిర్ విలువ ‘ఆర్‌టీఎల్’ కూడా ఇవ్వండి. రోమన్ అక్షరాలే ఉంటే ‘ఈఎన్’ చాలు. అంకెలు మాత్రమే ఉన్నవాటిని వదిలేయండి. రెండు లిపులు కలిసిన పేరాలను ప్రోగ్రాం ఒక జాబితాగా ఇస్తే చాలు, పేరాలో కొంత భాగాన్ని విడిగా గుర్తించే స్పాన్ ట్యాగులు ఎక్కడ పెట్టాలో మనిషి చదివి నిర్ణయించడమే మంచిది.