“విసుగు పుట్టించలేదు” అన్నా ప్రతికూలమే అంటున్న మోడల్‌ను ఎలా సరిదిద్దాలి?

తెలుగు పుస్తక సమీక్షల్లోని అభిప్రాయం అనుకూలమా, ప్రతికూలమా, తటస్థమా అని గుర్తించే పనిలో మూడు వారాలుగా ఉన్నాను. 6,200 వాక్యాలకు స్వయంగా గుర్తులు పెట్టి, ఎక్స్‌ఎల్‌ఎమ్-రాబర్టా బేస్ అనే బహుభాషా మోడల్‌కు శిక్షణ ఇచ్చాను. శిక్షణ అమరికలు: లెర్నింగ్ రేటు 0.00002, బ్యాచ్ 16, ఎపోక్‌లు (మొత్తం వాక్యాలను చూసే విడతలు) 3, గరిష్ఠ నిడివి 128 టోకెన్లు (పదాల ముక్కలు).

మామూలు వాక్యాలతో ఇబ్బంది లేదు. చిక్కంతా ‘లేదు’ దగ్గరే. “ఎక్కడా విసుగు పుట్టించలేదు” అన్నది మెచ్చుకోలు. మోడల్ మాత్రం దాన్ని 0.91 సంభావ్యతతో ప్రతికూలం అంటోంది. “ఇంత బాగుంటుందనుకోలేదు” కూడా అంతే. మనసారా మెచ్చుకున్న మాట తిట్ల లెక్కలో చేరడం నాకు చాలా బాధగా ఉంది. మన భాషలో ‘లేదు’ క్రియకే అతుక్కుపోతుంది కదా, పదాలను ముక్కలు చేసే టోకెనైజర్ దాన్ని ఒక్కోచోట ఒక్కోలా విరుస్తోంది.

‘లేదు’ను ముందుగానే విడదీసి ఇచ్చి చూశాను. “బాగోలేదు” లాంటివి కుదిరాయి, పై రెండూ కుదరలేదు. ‘లేదు’తో మెచ్చుకునే వాక్యాలు మరో 400 చేరిస్తే, “ఆసక్తి కలిగించలేదు” కూడా అనుకూలమైపోయింది! ఎపోక్‌లు 5 చేస్తే వాలిడేషన్ లాస్ (శిక్షణలో లేని వాక్యాలపై తప్పుల కొలత) పెరిగింది.

“విసుగు పుట్టించింది”, “విసుగు పుట్టించలేదు” వంటి వాక్యాలను జంటలుగా చేర్చి శిక్షణ ఇస్తే సరిపోతుందా, లేక టోకెనైజర్‌నే మార్చాలా?