భూమండలానికంతటికీ ఒకే విస్తరి వేయగలమా?

అధ్యాపకుడు, విజయవాడ:
2019 జనవరిలో ఈట్ అనే సంస్థ, లాన్సెట్ వైద్య పత్రిక కలిసి ఏర్పాటు చేసిన నిపుణుల బృందం ఈట్-లాన్సెట్ కమిషన్ ప్రపంచ ప్రజలందరికీ ఒక ఆహార పట్టిక ప్రకటించింది. హార్వర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు వాల్టర్ విల్లెట్ సారథ్యంలో 16 దేశాల శాస్త్రవేత్తలు 37 మంది కలిసి తయారు చేశారు. పెద్దవారికి రోజుకు 2,500 కిలోకేలరీలు. అందులో ఎర్రమాంసం (గొడ్డు, గొర్రె, పంది మాంసం) 14 గ్రాములు, గుడ్డు 13 గ్రాములు. 2050 నాటికి దాదాపు 1,000 కోట్ల మందికి నేలా నీరూ పాడవకుండా తిండి పెట్టడం లక్ష్యం. లక్ష్యంతో నాకు పేచీ లేదు. కానీ మాంసం రోజూ తినేవారికి చెప్పవలసిన హితవు, చుట్టం వస్తేనే కోడి కోసే ఇంటికి ఎందుకు?

పోషకాహార విద్యార్థిని, హైదరాబాద్:
సార్, మీరు పట్టికలో ఒక పక్కే చూశారు. పప్పులు, సోయా కలిపి 75 గ్రాములు, కూరగాయలు 300, పండ్లు 200, వేరుశనగతో సహా గింజలు 50 అని కూడా అందులోనే ఉంది. 2020లో మన దేశ భోజనాన్ని దీనితో పోల్చి చూస్తే, ధాన్యం హద్దు దాటింది, పండ్లు, కూరగాయలు, పప్పులు, మాంసం, గుడ్లు తక్కువ పడ్డాయి. సంపన్నుల ఇళ్లలోనూ పండ్లు, కూరగాయలు చాలలేదు. ఆ పట్టిక మనల్ని మాంసం, గుడ్లు తగ్గించమనడం లేదు, అన్నం కుప్ప పక్కన మిగతావి పెంచమంటోంది.

అంగన్‌వాడీ కార్యకర్త, నాగర్‌కర్నూల్:
పెంచమంటే సరిపోతుందా అమ్మా, కొనేది ఎవరు? 2020లోనే మరో పరిశోధన ఆ భోజనం ఖర్చు లెక్కగట్టింది. 2011 ధరల్లో మనిషికి రోజుకు సుమారు 2.84 డాలర్లు. ప్రపంచంలో 158 కోట్ల మందికి తలసరి ఆదాయమే అంతకంటే తక్కువ. ఖర్చులో అతి పెద్ద వాటా మాంసానిది కాదు, పండ్లు, కూరగాయలది.

గుడ్డు సంగతి నాకు ఇంకా బాధ కలిగిస్తుంది. 13 గ్రాములంటే వారానికి రెండు గుడ్లు కూడా కావు. తెలంగాణ ప్రభుత్వ ఆరోగ్యలక్ష్మి పథకంలో మేము గర్భిణికి రోజూ గుడ్డు, 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తాం. తెలంగాణలో 15-49 ఏళ్ల స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి పట్టేది కొద్దిగానే. నా ముందు కూర్చున్న తల్లికి ఆ సగటు లెక్క చూపించి గుడ్డు తగ్గించలేను.

విద్యార్థిని:
తగ్గించమని నేనూ అనను, అక్కా. పోషకాహారం అందని పేదలకు గుడ్లు ఎక్కువ అవసరం కావచ్చని ఆ నివేదికే ఒప్పుకుంది. అయితే ఆ మాట పట్టికలోనే ఉండవలసింది. పత్రికలకెక్కేది అంకెలే కదా.

అధ్యాపకుడు:
ఒక పక్కే చూశానన్నది నిజమే. నా ప్రశ్న మార్చుకుంటున్నాను. రేషన్ దుకాణంలో బియ్యం దొరికినంత నమ్మకంగా కందిపప్పు, వేరుశనగ దొరకాలంటే ముందు ఏ పంటకు మద్దతు పెంచాలి? మెట్ట సాగు తెలిసిన రైతులు ఎవరైనా చెప్పగలరా?