కొమ్మాది దగ్గర టవర్ల ప్రాజెక్టు: రిపోర్టులో మా గెడ్డ ఏమైపోయింది?

గెడ్డగట్టు డ్రాఫ్ట్స్‌మన్:

అందరికీ నమస్కారం. షిప్‌యార్డులో ముప్ఫయ్యొక్క ఏళ్లు డ్రాయింగులు గీసి రిటైరైనవాణ్ని. విశాఖలో కొమ్మాది జంక్షన్ నుంచి లోపలికొచ్చే కాలనీలో 1998 నుంచి ఉంటున్నాం. మా వెనక వీధి దాటితే పదెకరాల జీడితోట ఉండేది. ఇప్పుడు దాని చుట్టూ నీలం రేకులు లేచాయి. అయిదు టవర్లు, రోడ్డు ముఖాన మాలు, పక్కన హోటలు, అన్నిటి కిందా రెండు సెల్లార్లు. మొత్తం బిల్టప్ ఏరియా లక్షన్నర చదరపు మీటర్లు దాటుతుందట.

పర్యావరణ అనుమతికి దరఖాస్తు పెట్టారని మా అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో ఎవరో లింకు పడేశారు. ఈ అనుమతుల కోసం కేంద్రం నడిపే పరివేష్ సైటులోంచి ఈఐఏ (పర్యావరణ ప్రభావ మదింపు) రిపోర్టు దించుకుని నాలుగు రోజులు కూర్చుని చదివాను. స్కేలు, పెన్సిలు బయటికి తీసేసరికి మా ఆవిడ "మళ్లీ డ్యూటీలో చేరారా?" అంది.

మాటల సంగతి పక్కన పెట్టండి, నేను గీతలు చూసే మనిషిని. వాన నీటి డ్రెయిన్ల డ్రాయింగులో తోట ఈశాన్యం మూల ఒక చుక్కల గీత ఉంది. పక్కన "ఇప్పుడున్న డ్రెయిన్, 3 మీటర్లు" అని రాసుంది. అది డ్రెయిన్ కాదండీ, గెడ్డ, అంటే కొండవాగు! కొండ మీంచి దిగి, తోట మూలలోంచి వచ్చి, మా కల్వర్టు కిందనుంచి పోతుంది. మా మనవడికి టేపు ఒక కొస ఇచ్చి గట్టు నుంచి గట్టుకి కొలిచాను. 11 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చింది. హుద్‌హుద్ నాడు, 2014 అక్టోబరు 12న, ఆ గెడ్డ నీళ్లు మా ఇంటి రెండో మెట్టు దాకా వచ్చాయి. రిపోర్టులో మాత్రం "స్థలంలో గాని, ఆనుకుని గాని నీటి వనరులు లేవు" అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఒక ఫొటో కూడా వేశారు. ఎండిన గెడ్డలో మూడు మేకలు మేస్తున్నాయి. కింద "తూర్పు సరిహద్దు" అని రాశారు. ఆ మేకలు ఎవరివో కూడా నాకు తెలుసు.

ఇంకొకటి. రిపోర్టు కోసం హైవే మీద బళ్లు లెక్కపెట్టింది మే నెల మధ్యలో. ఆ రోజుల్లో కాలేజీ బస్సులు ఎక్కడుంటాయి? స్టేడియంలో మ్యాచ్ ఉన్నరోజు కార్‌షెడ్ జంక్షన్ దగ్గర ఒక్కసారి నిలబడి చూస్తే తెలుస్తుంది.

ప్రాజెక్టు వద్దని నేననడం లేదు. మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చేస్తే అందులోనే ఫ్లాటు కొంటాడేమో ఎవరికి తెలుసు. నా ప్రశ్న ఒక్కటే: ప్రజాభిప్రాయ సేకరణ ఎప్పుడు పెడతారు? ఈ గెడ్డ సంగతి ఎవరి ముందు చెప్పుకోవాలి?

—

రిపోర్టులు రాసేవాడు:

మేస్టారూ, నేను అవతలి పక్క మనిషిని. ఇలాంటి రిపోర్టులు రాసే కన్సల్టెన్సీలో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. మీ ప్రాజెక్టు మాది కాదు కాబట్టి ధైర్యంగా చెబుతున్నాను.

ముందు చేదు మాట. ప్రజాభిప్రాయ సేకరణ ఉండదు. 2006 ఈఐఏ నోటిఫికేషన్ షెడ్యూల్లో 8వ అంశం కింద వచ్చే భవనాలకి, టౌన్‌షిప్‌లకి దాన్నుంచి మినహాయింపు ఇచ్చేశారు. ఫ్యాక్టరీకి, గనికి షామియానా వేసి, మైకు పెట్టి కలెక్టరేట్ వాళ్ల సమక్షంలో జరుపుతారు చూడండి, ఆ తంతు మీకు లేదు. 20,000 చదరపు మీటర్లు దాటితే అనుమతి తీసుకోవాలి. లక్షన్నర దాటితే బీ1 అనే కేటగిరీ కింద పూర్తి ఈఐఏ రిపోర్టు ఇవ్వాలి. అది రాష్ట్ర నిపుణుల కమిటీకి వెళ్తుంది. వాళ్లు సిఫారసు చేస్తే రాష్ట్ర పర్యావరణ ప్రభావ మదింపు అథారిటీ అనుమతి ఇస్తుంది.

మీ మేకల ఫొటో చూసి నవ్వొచ్చింది గానీ, అందులో మోసమే ఉందని చెప్పలేను. బేస్‌లైన్ వివరాలు, అంటే ప్రాజెక్టుకి ముందు అక్కడి గాలి, నీరు, నేల ఎలా ఉన్నాయన్నది, వానాకాలం కాని ఒక సీజన్‌లో సేకరించమన్నది నిబంధనే. మార్చి నుంచి మే దాకా వెళ్లినవాడికి మన గెడ్డలన్నీ మేకల బీడులే. ల్యాబు కుర్రాడు విజయవాడ నుంచో హైదరాబాద్ నుంచో వస్తాడు, గాలి నాణ్యత కొలిచే యంత్రం డాబా మీద పెడతాడు, నాలుగు ఫొటోలు తీసుకుంటాడు, పోతాడు. గెడ్డ అన్న మాటే వాడు విని ఉండడు. అయితే డ్రాయింగులో 3 మీటర్లని వేసింది ల్యాబు కుర్రాడు కాదు. అక్కడ పట్టుకోండి.

ఇంకో చోటు కూడా చూడండి. రిపోర్టులో వాటర్ బ్యాలెన్స్ అని బాణాల గుర్తులతో ఒక బొమ్మ ఉంటుంది. మీకు డ్రాయింగులు అలవాటు కాబట్టి ఇట్టే తెలుస్తుంది. జనాభా 4,000 అనుకుందాం. మనిషికి రోజుకి 135 లీటర్ల చొప్పున 5,40,000 లీటర్లు. అందులో 80 శాతం మురుగు కింద లెక్కేస్తారు, అంటే 4,32,000. దాన్ని ఎస్టీపీలో (మురుగు శుద్ధి ప్లాంటులో) శుద్ధి చేసి ఫ్లషింగుకి మనిషికి 45 లీటర్లు చొప్పున 1,80,000 వాడతామంటారు. మొక్కలకి ఒక 60,000. అక్కడికి ఇంకా 1,92,000 లీటర్లు మిగిలిపోయాయి. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లయితే రోజుకి ముప్ఫై ఎనిమిది! మాలు, హోటలు లెక్క వేరే. ఆ చివరి బాణం ఎటు చూపిస్తోందో చూడండి. నూటికి తొంభై రిపోర్టుల్లో "మునిసిపల్ సీవర్‌కి" అని ఉంటుంది. మీ రోడ్డులో యూజీడీ (భూగర్భ మురుగు లైను) పడిందా?

—

గెడ్డగట్టు డ్రాఫ్ట్స్‌మన్:

యూజీడీ లేదు బాబూ. అందరివీ సెప్టిక్ ట్యాంకులే. ఇప్పుడే చూశాను, బాణం దగ్గర అచ్చంగా మీరు చెప్పిన మాటే ఉంది. అంటే ఆ మిగిలింది కూడా మా గెడ్డలోకే కదా. వానాకాలంలో మొక్కలకీ నీళ్లక్కర్లేదు, అదీ కలుస్తుంది.

—

పాత గాజువాక:

మేస్టారూ, మీరు అదృష్టవంతులండీ, ముందే తెలిసింది. మాకేటయిందో చెప్తాను. మా పక్కన ఒక పెద్ద అపార్ట్‌మెంటు గ్రూపు లేచింది. పేరెందుకులెండి. అనుమతి వచ్చాక ఏడు రోజుల్లో రెండు పేపర్లలో ప్రకటన వెయ్యాలి, అందులో ఒకటి మన భాషలో ఉండాలి. వేశారు, కాదన్ను. పెళ్లి సంబంధాల పక్కన అగ్గిపెట్టంత వేశారు. మా వీధిలో ఒక్కడూ చూళ్లేదు. మాకు తెలిసేసరికి అయిదు నెలలు. గ్రీన్ ట్రిబ్యునల్లో అప్పీలుకి 30 రోజులే గడువు, కారణం చూపిస్తే ఇంకో 60. అదీ దాటిపోయింది. చెన్నై బెంచికి వెళ్దామని చందాలు పోగేసి, లాయరు దగ్గర కూర్చున్నాక తెలిసింది ఈ సంగతి. చందాలు తిరిగి ఇవ్వడం ఇంకో గొడవ.

అదొకటి. నుయ్యి ఇంకొకటి. వాళ్లు సెల్లారు తవ్వుతూ రాత్రీ పగలూ మోటార్లెట్టి నీళ్లు తోడేశారు. మా నుయ్యి అడుగంటింది. వెళ్లి అడిగితే "మీ నుయ్యి ముందు నుంచీ అంతే కదా" అన్నాడు సైటు ఇంజినీరు. కాదని చెప్పడానికి మా దగ్గర ఏటుంది? ఏటీ లేదు. అందుకే చెప్తన్నాను. ఈ రోజే తాడుకి రాయి కట్టి మీ వీధిలో ఉన్న నూతులన్నిట్లోనూ దింపండి. నీటి మట్టం ఎన్ని అడుగుల్లో తగిలిందో నోటుపుస్తకంలో తేదీ వేసి రాయండి. తడిసిన తాడు పక్కన ఆ రోజు పేపరు పెట్టి ఫొటో తియ్యండి. నెలకోసారి చెయ్యండి. గోడల్లో బీటలున్నా ఇప్పుడే ఫొటో తీసి ఉంచండి. మీ పక్క రాయి ఎక్కువ, బ్లాస్టింగ్ పెట్టకుండా రెండు సెల్లార్లు దిగవు.

—

ముందే బుక్ చేసినవాణ్ని:

క్షమించాలి అంకుల్, నేను అందులో మూడో టవర్లో ఫ్లాటు బుక్ చేశాను. లోను కూడా సాంక్షన్ అయింది. మీరంతా కలిసి ఆపేయిస్తే మా గతేంటి? అక్కడ అన్నీ పర్మిషన్లు వచ్చేశాయని చెప్పారు. పోయిన నెలలో భూమి పూజ కూడా చేశారు, రెండు పొక్లెయిన్లు పనిచేస్తున్నాయి.

—

రిపోర్టులు రాసేవాడు:

పొక్లెయిన్లా? అంకుల్ మీద తర్వాత అలుగుదురుగాని, ముందు మీ గురించి ఆలోచించుకోండి. అనుమతి లేకుండా స్థలాన్ని కాపాడుకోవడానికి కంచె వేసుకోవచ్చు, అంతే. కట్టడం పనులు గాని, నేల చదును చేయడం గాని మొదలెట్టకూడదని నోటిఫికేషన్ మొదట్లోనే ఉంది. మట్టి పరీక్షకి బోరు వేస్తున్నారంటే సరే. ఎత్తుతున్నది టిప్పర్లకి టిప్పర్లయితే అది ఉల్లంఘన. అలాంటి ప్రాజెక్టులో ఇరుక్కునేది మీ లోనే. అమ్మినవాణ్ని పర్యావరణ అనుమతి కాపీ అడగండి. దరఖాస్తు నంబరు చూపిస్తే అది అనుమతి కాదు.

—

గెడ్డగట్టు డ్రాఫ్ట్స్‌మన్:

నాన్నా, నీ ఫ్లాటు ఆపడం నా పని కాదు. వాన పడితే నీ కారు ఉండేది ఆ సెల్లారులోనే. పదెకరాలంటే నలభై వేల చదరపు మీటర్లు. ఒక్క రోజులో 100 మిల్లీమీటర్లు కురిస్తే 40 లక్షల లీటర్లు. తోట ఉన్నప్పుడు సగం నేలే తాగేది. ఇప్పుడు కాంక్రీటు తాగదు. గెడ్డని 3 మీటర్లకి నొక్కేస్తే ముందు మునిగేది మా మెట్లు కాదు, మీ ర్యాంపు.

పొక్లెయిన్లు నిజమే. కాలవ కోసం అన్నారు. మట్టి మాత్రం గెడ్డ గట్టునే పోస్తున్నారు.

—

గొలుసు సర్వేయరు:

ఆలస్యంగా చూశాను. రెవెన్యూలో సర్వేయరుగా చేసి దిగిపోయాను.

మేస్టారూ, మీ టేపు చెల్లదు. ఎంత బాగా కొలిచినా రేపు వాళ్లు ఇంకో టేపు తెస్తారు. చెల్లేది ఎఫ్ఎంబీ, అంటే సర్వే నంబరు వారీగా హద్దుల కొలతలు గీసి ఉంచిన ప్రభుత్వ రికార్డు. తహసీల్దారు ఆఫీసులో ఆ సర్వే నంబరుకి ఎఫ్ఎంబీ నకలు, గ్రామ పటం నకలు తీసుకోండి. పటంలో గెడ్డకి విడిగా నంబరుండి "గెడ్డ పోరంబోకు" అని ఉంటే అది ప్రభుత్వ భూమి, ఎవరి పట్టాలోకీ రాదు. పాత ఎఫ్ఎంబీ అయితే కొలతలు లింకుల్లో ఉంటాయి, కంగారు పడకండి. వంద లింకులు ఒక గొలుసు, అంటే 66 అడుగులు.

వెడల్పు ఎందుకంత ముఖ్యమో చెప్తాను. 2017 భవన నిబంధనల ప్రకారం వాగు, నాలా, వాన నీటి కాలవ 10 మీటర్లకి మించి వెడల్పుంటే దాని హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి. 10 మీటర్ల లోపయితే 2 మీటర్లు చాలు. మూడు మీటర్లని ఎందుకు గీశారో ఇప్పుడర్థమైందా? కావాలని గీశారని నేననను. లాభం మాత్రం ఎవరికో కనిపిస్తూనే ఉంది.

—

రిపోర్టులు రాసేవాడు:

సర్వేయరు గారూ, దండం. ఇదే కావాలి.

మేస్టారూ, ఇంక మీరు చేయాల్సింది: నిపుణుల కమిటీ కార్యదర్శికి, అథారిటీకి, కాలుష్య నియంత్రణ మండలి విశాఖ ప్రాంతీయ కార్యాలయానికి, జీవీఎంసీకి (నగరపాలక సంస్థకి) ఒకే ఉత్తరం. కమిటీ అజెండా సైటులో పెడతారు, వారానికోసారి చూస్తూ ఉండండి. మీ ప్రాజెక్టు పేరు కనిపించే లోపు ఉత్తరం అక్కడ ఉండాలి. మిమ్మల్ని పిలిచి వినాలని రూలు లేదు, కానీ చేతికొచ్చిన కాగితం చూళ్లేదని తర్వాత అనలేరు.

ఆవేశం వద్దు. "మా బతుకులు మునిగిపోతాయి" అని రాస్తే చదివేవాడు పేజీ తిప్పేస్తాడు. రిపోర్టులో ఏ పేజీలో ఏముంది, నేల మీద ఏముంది, ఎఫ్ఎంబీలో ఏముంది, అంతే. నోటిఫికేషన్ 8వ పేరాలో ఒక మాట ఉంది: ముఖ్యమైన సమాచారాన్ని కావాలని దాచినా, తప్పుగా ఇచ్చినా దరఖాస్తు తిరస్కరించవచ్చు, ఇచ్చిన అనుమతిని రద్దు చేయవచ్చు. మాకు నిజంగా భయం పుట్టించే వాక్యం అదొక్కటే. మా అక్రెడిటేషన్, అంటే రిపోర్టులు రాయడానికి ఉన్న గుర్తింపు, కూడా పోతుంది కదా. ట్రాఫిక్ గొడవ చివర్లో రెండు లైన్లు చాలు, దాన్ని ముందు పెడితే గెడ్డ వెనక్కి పోతుంది.

అనుమతి వచ్చేసినా వదలొద్దు. ఏటా జూన్ 1కి, డిసెంబరు 1కి షరతులు ఎలా పాటిస్తున్నారో నివేదిక ఇవ్వాలి. పై మట్టి జాగ్రత్తగా తీసి ఉంచామంటారు, గెడ్డ ముట్టలేదంటారు. అప్పుడు మీ నూతి తాడు లెక్కలు పనికొస్తాయి.

—

గెడ్డగట్టు డ్రాఫ్ట్స్‌మన్:

పన్నెండు రోజుల తర్వాత రాస్తున్నాను. ఎఫ్ఎంబీ నకలు చేతికొచ్చింది. మూడుసార్లు తిరిగాను, రెండోసారి సర్వేయరు సెలవు. గెడ్డకి విడి నంబరుంది, పోరంబోకే. కల్వర్టుకి పైన వెడల్పు 56 లింకులు. అంటే 11 మీటర్ల 27 సెంటీమీటర్లు. నా టేపు కొలతకి ఏడు సెంటీమీటర్లు తేడా వచ్చింది. అవతలి కొస పట్టింది మనవడు, వాడు ఫోను చూసుకుంటూ పట్టాడు.

ఎఫ్ఎంబీని, వాళ్ల డ్రాయింగుని ఒకే స్కేలుకి తెచ్చి ట్రేసింగు కాగితం మీద ఒకదాని మీద ఒకటి గీశాను. అయిదో టవరు మూల, గెడ్డ హద్దు నుంచి వదలాల్సిన ఆ 9 మీటర్ల లోపలికొచ్చేస్తోంది. ఎర్ర పెన్సిలుతో గీత వేశాను, ఇంకేమీ రాయలేదు. తొమ్మిది నూతుల్లో తాడు దింపాం. పదో ఇంటావిడ నూతి మీద సింటెక్స్ ట్యాంకు పెట్టేసుకుంది.

ఉత్తరం రెండు పేజీలయింది. తెలుగులో పంపనా, ఇంగ్లీషులో పంపనా?

—

రిపోర్టులు రాసేవాడు:

తెలుగులోనే పంపండి. సర్వే నంబరు, పేజీ నంబరు, కొలతలు అంకెల్లో ఉంటే చాలు. ట్రేసింగు అసలు కాగితం మాత్రం ఎవరికీ ఇవ్వకండి, జిరాక్సులు పెట్టండి.

—

పాత గాజువాక:

స్పీడ్ పోస్టు చేసిన రసీదు కూడా ఆ రోజే జిరాక్సు తీయించెయ్యండి మేస్టారూ. అది వేడి తగిలితే నల్లబడే కాగితం. జాగ్రత్తకని నేను లామినేషన్ చేయించాను, మొత్తం నల్లగా అయిపోనాది.