క్యాన్, క్యాంట్: తేడా ఆ చివరి 'ట'లో లేదు

అమెరికా వాళ్ళతో రోజూ కాల్స్‌లో ఉండేవాళ్ళు మన గ్రూపులో చాలామందే ఉన్నారు కదా, "ఐ క్యాన్" అన్నారో "ఐ క్యాంట్" అన్నారో తేలక ఎప్పుడైనా తల గోక్కున్నారా? నాకు ఉల్టా జరిగింది. శుక్రవారానికి పని అయిపోతుందా అని క్లయింట్ అడిగితే, ధీమాగా వినిపించాలని "ఐ క్యాన్ ఫినిష్ ఇట్" అని ఆ క్యాన్‌ను బాగా నొక్కి మరీ చెప్పాను. ఆవిడ ఒక్క క్షణం ఆగి, పోనీ సోమవారానికైనా అవుతుందా అంది!

మనం ఆ చివరి 'ట' కోసం చెవులు రిక్కిస్తాం. వాళ్ళ మాటలో అది చాలాసార్లు గొంతులోనే ఆగిపోతుంది, బయటికి రాదు. వాళ్ళు తేడా పట్టేది అచ్చు దగ్గర. చేయగలను అనేటప్పుడు క్యాన్‌ను సగం మింగేసి "ఐ కన్ ఫినిష్" అన్నట్టు పలుకుతారు, బలమంతా ఫినిష్ మీదే (ఆ 'కన్'లోని అచ్చు మన అ కాదు, ఎ కాదు, దానికి మన లిపిలో అక్షరమే లేదు). చేయలేను అనేటప్పుడు మాత్రం 'క్యా' నిండుగా వినిపిస్తుంది. అంటే నేను ధీమాగా నొక్కిన క్యాన్ ఆవిడ చెవికి క్యాంట్ అయి కూర్చుంది.

బళ్ళో మనకు నేర్పింది బ్రిటిష్ వాళ్ళ "కాంట్". అక్కడ అచ్చే వేరు కాబట్టి ఈ గొడవ లేదు. ఇక తెలుగులో చేయగలను, చేయలేను అంటాం, 'లేను' అని ఒక ముక్క ముక్కే గట్టిగా వినిపిస్తుంది, కాదనడాన్ని ఒక్క 'ట'కు వేలాడదీసే అలవాటు మనకు లేదు.

— మరి 2008లో ఒబామా "యెస్ వుయ్ క్యాన్" అని నిండుగానే పలికాడు కదండీ?

— పట్టుకున్నారు! వాక్యం చివర్న వస్తే క్యాన్‌ను మింగరండి, పక్కన క్రియ ఉన్నప్పుడే మింగుతారు. అలా చివర్న వచ్చినప్పుడు వాళ్ళలో వాళ్ళకే అప్పుడప్పుడు అనుమానం వచ్చి మళ్ళీ అడుగుతుంటారు.

— మీది సోమవారంతో పోయింది, నయం. అమెరికాలో మెయిన్ రాష్ట్రంలో ఓక్‌హర్స్ట్ డెయిరీ అని ఉంది, అక్కడ ఒక్క కామా మీద కేసు నడిచింది. ఓవర్‌టైమ్ వర్తించని పనుల జాబితా చట్టంలో ఉంది, దాని చివర్న "ప్యాకింగ్ ఫర్ షిప్‌మెంట్ ఆర్ డిస్ట్రిబ్యూషన్" అని రాసి, షిప్‌మెంట్ తర్వాత కామా పెట్టలేదు. కామా ఉంటే సరుకు చేరవేయడం విడిగా ఇంకో పని అయ్యేది, లేదు కాబట్టి రెండూ ప్యాకింగ్‌కే చెందుతాయని డ్రైవర్ల వాదన, వాళ్ళేమో పాలు చేరవేస్తారు గానీ ప్యాక్ చేయరు. చట్టం ఎటూ తేలకుండా ఉందని 2017లో అప్పీల్ కోర్టు వాళ్ళ వైపే మొగ్గింది, 2018లో 50 లక్షల డాలర్లకు రాజీ కుదిరింది.

— బాబోయ్! కామాకు అంత రేటా! నేనైతే ఇప్పుడు ఆ రెండు మాటల జోలికే పోవట్లేదండి. అవుతుందంటే "ఐ విల్", కాదంటే "క్యానాట్" అని పూర్తిగా విడదీసి చెప్పేస్తున్నా. పుస్తకం చదువుతున్నట్టు ఉందని మా టీమ్‌లో కుర్రాళ్ళు నవ్వుతున్నారు, నవ్వనీయండి.