హోం మ్యాచ్‌లు గుంటూరులో, కాస్త సలహా ఇవ్వండి

మాది విజయవాడలో చిన్న ఫుట్‌బాల్ క్లబ్. మా గ్రౌండ్‌లో పనులు మొదలయ్యాయి, అందుకని మూడు నెలలు హోం మ్యాచ్‌లకి గుంటూరులో ఒక కాలేజీ గ్రౌండ్ అడిగి తీసుకున్నాం. చిక్కేంటంటే, మధ్యలో సిమెంట్ క్రికెట్ పిచ్ ఉంది. పిల్లాడు పడ్డాడంటే మోకాలు చిట్లినట్టే. మీద మట్టి పోసి మ్యాట్ పరిస్తే సరిపోతుందా, లేక ఫీల్డునే పక్కకి జరపాలా? జరిపితే వెడల్పు 50 మీటర్లే వస్తుంది. రూల్స్ ప్రకారం 45 ఉంటే చాలు గానీ, అంచుల వెంట ఆడే మా వింగర్లు ఇప్పటికే గొణుగుతున్నారు.

గోల్‌పోస్టులు కూడా మేమే మోసుకెళ్లాలి. 7.32 మీటర్ల బార్ ట్రాలీ ఆటోలో పట్టదు. విడదీసి బిగించుకునే పోస్టులు గుంటూరులో ఎవరైనా చేసిస్తారా? 2017లో ఇంగ్లండ్ క్లబ్ టోటెన్‌హామ్ కూడా సొంత స్టేడియం కట్టుకుంటూ లండన్‌లోని వెంబ్లీ స్టేడియంలో ఆడింది, వాళ్లకి ఈ ఆటో బాధ లేదు లెండి. మొదటి మ్యాచ్ వచ్చే ఆదివారమే, ఒకటే టెన్షన్.