టర్బైన్ హౌసింగ్: లారీకి 12 మంచిదా, 16 మంచిదా?

సాలూరు_లారీ: మాది టాటా 2515, కమిన్స్ 5.9 లీటర్ల ఇంజిన్. టర్బో బాగుచేసిన షాపువాళ్లు నాకు చెప్పకుండా 16 హౌసింగ్ (టర్బైన్ చక్రం చుట్టూ ఉండే గుల్ల; అంకె పెద్దదైతే ఎగ్జాస్ట్ వాయువు దారి వెడల్పు) తీసేసి 12 బిగించారు. సుంకి ఘాట్‌లో బండి బాగా లాగుతోందని డ్రైవర్ సంబరపడుతున్నాడు. రాయ్‌పూర్ వెళ్లొచ్చాక డీజిల్ లెక్క చూస్తే నాకు గుండె గుభేల్మంది. పాతదే పెట్టించాలా?

ఘాట్_సారథి: వద్దండీ, 12 ఉంచండి. దారి ఇరుకైతే ఎగ్జాస్ట్ వాయువు వేగం పెరుగుతుంది, టర్బైన్ చక్రం తక్కువ ఆర్‌పీఎంలోనే అందుకుంటుంది. 16తో ఎత్తెక్కేటప్పుడు డీజిల్ పడుతుంది కానీ గాలి చాలదు. నల్లపొగ, విపరీతమైన వేడి. ఆ పొగలో పోయేదీ మీ డీజిలే.

పొగలెక్క: ఘాట్ ఎంతసేపు? మిగతా దారంతా మైదానమే కదా. 2,200 ఆర్‌పీఎం దాటాక ఆ ఇరుకే ఇంజిన్ గొంతు నొక్కుతుంది. టర్బైన్ ముందు ఒత్తిడి ఇన్‌టేక్ ఒత్తిడిని బాగా మించితే, కాలిన వాయువును బయటికి నెట్టడానికే పిస్టన్ శక్తి ఖర్చవుతుంది. బూస్ట్ గేజ్ (ఇన్‌టేక్ ఒత్తిడి చూపేది) చూసి మురిసిపోకండి, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో ఒత్తిడి కొలిపించండి.

టర్బో_కుర్రాడు: గారెట్ కంపెనీ టర్బో జీటీ28ఆర్ఎస్‌కు ఏ/ఆర్ 0.64, 0.86 ఉన్న హౌసింగ్‌లు ఉంటాయి. మీ 12 అందులో దేనికి సమానం?

పొగలెక్క: దేనికీ కాదు. హోల్‌సెట్ (ఈ లారీ టర్బో కంపెనీ) అంకె చదరపు సెంటీమీటర్లలో వాయువు దారి వైశాల్యం. ఏ/ఆర్ అంటే ఆ వైశాల్యాన్ని, షాఫ్టు మధ్య నుంచి దాని కేంద్రానికి ఉన్న దూరంతో భాగించగా వచ్చేది. ఆ దూరం తెలియకుండా పోల్చలేం.

టర్బో_కుర్రాడు: ఉజ్జాయింపుగానైనా చెప్పవచ్చు కదా?

పొగలెక్క: చెప్పలేం అన్నాను.

మైలవరం: వేరియబుల్ జామెట్రీ టర్బో (వాయువు దారి అవసరాన్ని బట్టి మారేది) అయితే ఈ గొడవే లేదు.

ఘాట్_సారథి: ఉన్న బండి గురించి మాట్లాడండి. పొగలెక్క గారూ, మీరు గేజ్ చూస్తారు. నిండు లోడుతో మలుపులో బండి ఆగిపోతే క్లచ్ కాలే వాసన పీల్చేది నేను. మైలేజీ పడిపోయిందని నా పాత యజమాని బత్తాలో కోసేవాడు. ఆ బండికి పెద్ద హౌసింగే ఉండేది!

పొగలెక్క: మీ బత్తాకూ వాయుప్రవాహానికీ సంబంధం ఏమిటి?

ఘాట్_సారథి: సంబంధం ఉంది. చదునుదారిలో మిగిలే డీజిల్ యజమానికి వెళ్తుంది, ఘాట్‌లో పడే కష్టం డ్రైవర్‌కు మిగులుతుంది. ఏ హౌసింగ్ మంచిదో అడిగేవాళ్లు ఎవరికి మంచిదో కూడా చెప్పాలి. సాలూరు గారూ, సూటిగా అడుగుతున్నాను: లోడు పరిమితిలోనే వేస్తున్నారా?

సాలూరు_లారీ: కిరాయి గిట్టాలంటే కొంత ఎక్కువే వేయాలి. డీజిల్ బిల్లు, వాయిదాలు కట్టేది నేను. బండి మీద అప్పు మీకు తెలియదు.

ఘాట్_సారథి: అయితే 12 వేసిన షాపును కాదు, ఆ లోడును అడగండి. 16 పెట్టించి అదే లోడుతో పంపితే పిస్టన్లు కాలతాయి.

పొగలెక్క: ఈ ఒక్క మాట నిజం. ఎక్కువ లోడుతో తక్కువ గాలి ప్రమాదమే. లోడు తగ్గిస్తేనే 16 పెట్టించండి.

సాలూరు_లారీ: లోడు తగ్గించలేను. 14 హౌసింగ్ ఎవరైనా వాడారా?

ఘాట్_సారథి: ఏది బిగించినా, డీజిల్ తేడాకు బత్తాలో కోత ఉండదని ముందు మీ డ్రైవర్‌కు చెప్పండి.

సాలూరు_లారీ: అది మా ఇద్దరి మధ్య విషయం. 14 గురించి తెలిసినవాళ్లు రాయండి.