సంక్రాంతికి ఊరెళ్తే కుక్కను ఎవరికి అప్పగించాలి: పెట్ సిట్టర్‌కా, వాచ్‌మన్ ఇంటివారికా?

తెల్లాపూర్ ఇల్లాలు:
మేము తెల్లాపూర్‌లో ఒక విల్లాల కాలనీలో ఉంటాము. సంక్రాంతికి అమలాపురం దగ్గర మా అత్తగారి ఊరికి తొమ్మిది రోజులు వెళ్తున్నాము. మా లాబ్రడార్‌కు ఎనిమిదేళ్లు. రెండేళ్లుగా ఫిట్స్ వస్తున్నాయి. పొద్దున ఏడింటికి ఒకటి, రాత్రి ఏడింటికి ఒకటి, మాత్ర తప్పకుండా వేయాలి. కిందటి పండక్కి కారులో వెంట తీసుకెళ్లాము. పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరిన కార్ల మధ్య ఇరుక్కుపోయి, మాత్ర వేళకు సంచి డిక్కీలో అడుగున ఉండిపోయింది. ఆ రాత్రి దానికి ఫిట్స్ వచ్చాయి. ఈసారి తీసుకెళ్లను. రైలంటే మొదటి తరగతి ఏసీలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, పండగ రోజుల్లో అది దొరికే మాట కాదు.

పెట్ సిట్టర్‌ను, అంటే ఇంటికొచ్చి పెంపుడు జంతువును చూసుకునే మనిషిని, పెట్టుకుందామని నేనంటున్నాను. ఒకావిడతో మాట్లాడాను. రాత్రిళ్లు మా ఇంట్లోనే ఉంటారు, రోజుకు 2,000 రూపాయలు. అంటే మొత్తం 18,000. మావారు ఒప్పుకోవడం లేదు. "ముక్కూమొహం తెలియని మనిషికి తాళాలిచ్చి అంత డబ్బు పోయడమెందుకు, వాచ్‌మన్ భార్య చేతిలో రెండు వేలు పెడితే చూసుకుంటుంది కదా" అంటున్నారు. మీరైతే ఏం చేస్తారు?

కొల్లూరు వాసి:
మీవారి మాటే సబబు అనిపిస్తోంది. డబ్బు సంగతి అటుంచండి. కుక్కల పెంపకం, అమ్మకాలకు 2017లో కేంద్రం నియమాలు తెచ్చింది, పెంపుడు జంతువుల దుకాణాలకు 2018లో తెచ్చింది. ఇంటికొచ్చి కుక్కను చూసుకునేవారికి మాత్రం అలాంటి లైసెన్సు ఏదీ అక్కర్లేదు. రేపు ఎవరైనా ఒక కార్డు అచ్చు వేయించుకుని "ప్రొఫెషనల్" అనుకోవచ్చు. వాచ్‌మన్ భార్యను మీ కుక్క ఏళ్ల తరబడి చూస్తోంది. ఆమె అడుగుల చప్పుడు దానికి తెలుసు. తెలిసిన చేతిని వదిలి తెలియని చేతిలో పెట్టడం నాకు మింగుడు పడదు. పైగా తొమ్మిది రోజులు ఖాళీ ఇల్లు, లోపల ఒక కొత్త మనిషి!

నల్లగండ్ల అమ్మ:
తెలిసిన చేయి అన్నారు కాబట్టి మా ఇంట్లో జరిగింది చెప్తాను. మూడేళ్ల క్రితం పెళ్లికి నాలుగు రోజులు వెళ్తూ మా కుక్కను పనావిడకు అప్పగించాము. ఆరేళ్లుగా మా ఇంట్లో చేస్తున్న మనిషి. తిరిగొచ్చేసరికి వరండా గ్రిల్లు పక్కన కొబ్బరి చీపురు గోడకు ఆనించి ఉంది. స్టీలు గిన్నె అంచున చీపురు పుల్లలు రెండు ఇరుక్కుని ఉన్నాయి. చూడగానే నాకు విషయం అర్థమైంది. ఆవిడ ఆ నాలుగు రోజులూ గ్రిల్లు తెరవలేదు. బయట నిలబడి గిన్నెను చీపురుతో లోపలికి నెట్టింది. కుక్క అక్కడే తిని, అక్కడే మూత్రం పోసి, అక్కడే పడుకుంది.

అడిగితే ఏడ్చేసింది. "కుక్కలంటే నాకు మొదటి నుంచీ భయమమ్మా, మీతో ఆ మాట అనలేకపోయాను" అంది. నెల జీతం ఇచ్చే ఇంటావిడ అడిగితే కాదనడం ఎంత కష్టమో నాకు ఆ రోజు వరకూ తట్టలేదు. అంతకు ముందు తను ఒక్కసారైనా మా కుక్క తల నిమిరిందా అని నేనెప్పుడైనా గమనించానా? లేదు. తప్పు పూర్తిగా నాది.

మీ వాచ్‌మన్ భార్యకూ సంక్రాంతి ఉంటుందండీ. ఆమెకూ ఒక ఊరు ఉంటుంది, ఎదురుచూసే అమ్మ ఉంటుంది. తొమ్మిది రోజులు, రోజుకు రెండుసార్లు బయట తిప్పడం, మాత్ర వేయడం, ఫిట్స్ వస్తే చూసుకోవడం. ఇంత పనికి రెండు వేలు అని మీవారు ఎలా లెక్క కట్టారు?

పశువైద్యుడు, మియాపూర్:
ఫిట్స్ ఉన్న కుక్క అన్నారు కాబట్టి వైద్యం వైపు నుంచి నాలుగు మాటలు. ఈ జబ్బుకు చాలా కుక్కలకు ఫినోబార్బిటాల్ అనే మందు వాడతాము. పన్నెండు గంటలకోసారి వేయాలి. హఠాత్తుగా ఆపితే ఫిట్స్ ఇంకా తీవ్రంగా తిరగబెట్టవచ్చు. అందుకని "తిండి పెట్టారా" అన్న ప్రశ్న కన్నా "మాత్ర మింగిందా" అన్నదే ముఖ్యం. పెరుగన్నంలో దాచిన మాత్రను కుక్క నాలుకతో పక్కకు నెట్టి అన్నం మాత్రం తినేస్తుంది. గిన్నె ఖాళీ అయిందని మనిషి వెళ్లిపోతే, గంట తర్వాత చాప కింద మాత్ర దొరుకుతుంది. మింగే వరకూ పక్కన కూర్చునే ఓపిక ఉన్నవారు కావాలి.

ఫిట్స్ వచ్చినప్పుడు నోట్లో చేయి పెట్టకూడదు, నీళ్లు పోయకూడదు. చుట్టూ గట్టి వస్తువులు తీసేసి గడియారం చూసుకోవాలి. ఐదు నిమిషాలు దాటితే ఆలోచించకుండా ఆసుపత్రికి తీసుకురావాలి. ఈ పని ఎవరు చేయగలరో వారికే అప్పగించండి, పేరు ఏదైనా సరే.

యజమానులు ఊరెళ్లినప్పుడు కుక్కలను ఉంచుకునే బోర్డింగ్ కేంద్రాలన్నీ చెడ్డవని నేననను. పండగ రద్దీలో మాత్రం అక్కడ కొత్త కుక్కలు, రాత్రంతా మొరుగుళ్లు ఉంటాయి. ఇలాంటి కుక్కకు ఆ ఒత్తిడి మంచిది కాదు. గోమార్ల బెడద కూడా ఉంటుంది. గోమార్ల వల్ల వచ్చే జ్వరంతో చిగుళ్లు తెల్లగా పాలిపోయిన కుక్కలు సెలవుల తర్వాత మా దగ్గరికి వస్తూనే ఉంటాయి.

కోకాపేట పిల్లి ఇల్లు:
పిల్లులున్నవారికి ఒక్క మాట. పిల్లికి మనిషి కన్నా చోటు ముఖ్యం. ఇల్లు మారిస్తే తిండి మానేస్తుంది, రెండు మూడు రోజులు మానేస్తే కాలేయానికే ముప్పు. మేము ఎప్పుడూ ఇంటికే మనిషిని రప్పిస్తాము. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

ఈ పనే చేస్తాను:
నేను గచ్చిబౌలి వైపు నాలుగేళ్లుగా పెట్ సిట్టింగ్ చేస్తున్నాను. కొల్లూరు వాసి గారి అనుమానంలో న్యాయం ఉంది. లైసెన్సు లేదు కాబట్టి మమ్మల్ని మీరే పరీక్షించుకోవాలి. ప్రయాణానికి ముందు కనీసం రెండుసార్లు ఇంటికి పిలవండి. మొదటి రోజు నేను కుక్క దగ్గరికి వెళ్లను. హాల్లో నేల మీద, దానికి వీపు పెట్టి కూర్చుంటాను. అదే వచ్చి నా చెప్పులు, సంచి, మోచేయి వాసన చూసుకుంటుంది. రాగానే చేతులు చాచి మీద పడే సిట్టర్‌ను నేనైతే పెట్టుకోను. మీరు మమ్మల్ని ప్రశ్నలడగడం సరే, మేము మిమ్మల్ని ఎన్ని అడుగుతున్నామో కూడా చూడండి. డాక్టరు ఫోను నంబరు, రేబీస్ టీకా వేసిన తేదీ, చివరిసారి ఫిట్స్ ఎప్పుడు వచ్చాయి, టపాసులకు భయపడుతుందా, ఇవేవీ అడగకుండా రేటు చెప్పేవారిని నమ్మవద్దు.

మీరు చేయవలసినవి కూడా ఉన్నాయి. ఇంట్లో కెమెరాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందే చెప్పండి. నేను పడుకునే గదిలో మాత్రం ఉండకూడదు. మీరు ఊళ్లో లేనప్పుడు చికిత్సకు ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చో కాగితం మీద రాసి సంతకం చేయండి. గేటు దగ్గర నా పేరు తొమ్మిది రోజులకూ నమోదు చేయించండి. ఒక కాలనీలో రాత్రి పదింటికి కుక్కను తిప్పి వస్తే, యజమాని ఫోను ఎత్తలేదని నన్నూ ఆ కుక్కనూ నలభై నిమిషాలు బయట నిలబెట్టారు. చలికాలం. ఆ కుక్క ముసలిది, కాళ్లు వణుకుతున్నాయి. ఇప్పటికీ గుర్తొస్తే బాధ కలుగుతుంది.

బోయినపల్లి తాతయ్య:
ఇదంతా చదివాక మనసు బరువెక్కింది. మూడు వందల ఇళ్ల కాలనీలో పక్కింటివారిని అడగలేరా అమ్మా? మా వీధిలో ఎవరు ఊరెళ్లినా కుక్క మా అరుగు మీదే ఉండేది. ఎవరూ పైసా తీసుకోలేదు.

నల్లగండ్ల అమ్మ:
తాతయ్యగారూ, మీ అరుగు మీద పగలంతా ఒక మనిషి ఉండేవారు కదా. చాలామటుకు అది అమ్మమ్మగారే అయి ఉంటారు. ఇప్పుడు మా పక్కింట్లో ఇద్దరూ ఎనిమిదింటికి ఆఫీసుకు వెళ్లిపోతారు. పండక్కి వాళ్లూ ఊరెళ్తారు.

బోయినపల్లి తాతయ్య:
అవునమ్మా, ఆవిడే చూసేది. అన్నం కలిపి పెట్టేది కూడా ఆవిడే.

కొల్లూరు వాసి:
డాక్టరు గారు చెప్పింది విన్నాక వాచ్‌మన్ భార్య విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. మాత్ర, గడియారం, ఆసుపత్రి, ఇంత భారం ఆమె మీద వేయడం అన్యాయమే. తాళాల విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు. ఆధార్ నకలు తీసుకోండి, ఇంతకు ముందు పని చేసిన రెండు ఇళ్లవారితో మీరే ఫోనులో మాట్లాడండి, పై అంతస్తుకు తాళం వేసుకోండి. ఇందులో అవమానం ఏమీ లేదని ఈ పని చేసేవారే ఒప్పుకుంటారనుకుంటాను.

ఈ పనే చేస్తాను:
ఒప్పుకుంటాను. తాళం వేసిన గదులు ఎన్ని ఎక్కువైతే నాకు అంత నిశ్చింత.

తెల్లాపూర్ ఇల్లాలు:
అందరికీ నమస్కారం. ఆదివారం ఆవిడను ఇంటికి పిలిచాము. ఇక్కడ రాసినట్టే నేల మీద కూర్చున్నారు. మావాడు ముందు మెట్ల మీద నుంచి రెండుసార్లు మొరిగాడు. పావుగంటకు దిగి వచ్చి ఆవిడ సంచిలో మూతి పెట్టాడు. మాత్ర వేయడం నేను చూపించబోతే, ఆవిడే అరటిపండు ముక్కలో పెట్టి తినిపించారు. తర్వాత బుగ్గ పైకెత్తి నోట్లో ఏమైనా మిగిలిందేమో చూశారు. మావారు అంతవరకూ పేపరు చదువుతున్నట్టే ఉన్నారు. అది చూశాక లేచి వెళ్లి, కిందటేడు ఫిట్స్ వచ్చిన తేదీలు రాసుకున్న నోటు పుస్తకం తెచ్చి ఆవిడకిచ్చారు.

పాత ఇళ్లవారితో రేపు మాట్లాడతాము. పై అంతస్తుకు తాళం వేస్తాము. వాచ్‌మన్ భార్యను అడిగితే భోగి ముందు రోజే వనపర్తి బస్సెక్కుతున్నానని చెప్పింది. టికెట్టు పది రోజుల క్రితమే తీసుకుందట.